చేపలెండే రన్‌వే

ఒక మామగారికి ఇద్దరు అల్లుళ్ళు. పెద్దాయన కాంట్రాక్టరు, ఆయన్ని సిమెంటు అల్లుడంటారు. చిన్నవాడు పైలట్, అతన్ని విమానం అల్లుడంటారు. పేరు చూసి చిన్నవాడే గొప్పవాడనుకుంటే పొరపాటు. విమానం కూడా సిమెంటు అల్లుడిదే. చిన్నవాడు దాన్ని నడుపుతాడు, దించుతాడు, తుడుస్తాడు, గుడ్డ కప్పుతాడు, తాళాలు తెచ్చి పెద్దాయన బల్ల మీద పెడతాడు. అంతే అతని గొప్ప.

కాపురం కూడా సిమెంటు అల్లుడి మేడ మీదే, రెండు గదుల్లో. ఆ గదులకి తలుపుంది గానీ గడియ లేదు. పక్కనే నీళ్ళ ట్యాంకు ఉంది, ఎవరైనా ఎప్పుడైనా రావాల్సి వస్తుందని గడియ పెట్టించలేదు. కాబట్టి ఆ రోజు పొద్దున్నే కాంట్రాక్టరు తలుపు తోసుకుని లోపలికొచ్చి మంచం మీద కూర్చుంటే ఎవరూ ఆశ్చర్యపోలేదు. పైలట్ గడ్డం గీసుకుంటున్నాడు. అతని భార్య చొక్కా ఇస్త్రీ చేస్తోంది.

"తమ్ముడూ, ఇవాళ సర్వే అధికారిని దీవికి తీసుకెళ్తున్నాం. దీవి ఖాళీగా ఉందని ఆయన కళ్ళతో చూసి రాస్తే చాలు. అది మనదైపోయినట్టే."

పని ఉన్నప్పుడు కాంట్రాక్టరు మనది అంటాడు. పని అయ్యాక నాది అంటాడు. ఆ ఇంట్లో అందరికీ తెలిసిన వ్యాకరణమే అది.

"అక్కడ మనుషులున్నారు కదా అన్నయ్యా" అన్నాడు పైలట్, సగం గీసిన గడ్డంతో.

"ఎవరు చూశారు?"

"నేను చూశాను. మీరూ చూశారు. మొదటిసారి దిగినప్పుడు ఒక పెద్దాయన ఎదురొస్తే పో పో అని మీరే తరిమారు."

"నేను చూసింది కొబ్బరికాయలు ఏరుకోవడానికొచ్చిన ఒక ముసలాణ్ణి. నువ్వేం చూశావో నాకనవసరం. ఆ అధికారి ముందు నోరు తెరిచావా, విమానం మర్చిపో, ఈ గదులు కూడా మర్చిపో. మరదలు పిల్ల కదా అని ఇన్నాళ్ళూ ఊరుకున్నా. నోరు తెరవనని ఒట్టెయ్."

పైలట్ ఒట్టేశాడు. వెయ్యక ఏం చేస్తాడు. మంచం ఆయనదే, గోడ ఆయనదే, చేతిలో ఉన్న అద్దం కూడా వదిన పాతదని ఇచ్చిందే.

కాంట్రాక్టరు మెట్లు దిగిన చప్పుడు ఆగాక భార్య ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది.

"చిన్నప్పుడు మా అక్క బొమ్మల్నీ ఇలాగే తీసుకునేది. ఇది ఎవరిదీ కాదు కదా అని అడిగేది, నేను జవాబు చెప్పేలోపే తీసుకునేది. బావకి ఆవిడే నేర్పినట్టుంది."

"నన్నేం చెయ్యమంటావు? ఒట్టేశాను."

"నోరు తెరవనని కదా ఒట్టేశావు. తెరవకు. నోరు తెరవకుండా ఏమైనా చెయ్యగలవేమో చూడు. ఏమీ చెయ్యలేకపోతే ఇదిగో చొక్కా, తొడుక్కుని పో."

ఆ దీవి సంగతి ఇప్పుడే చెప్పేయాలి, లేకపోతే ఈ గొడవ అర్థం కాదు.

అదో చిన్న దీవి. ఒక చివర గుట్ట, రెండో చివర తెల్లటి ఇసుక. మధ్యలో, చదునుగా ఉన్న ఒకే ఒక్క చోట, ఎప్పుడో ఏదో యుద్ధంలో ఎవరో వేసి వదిలేసిన రన్‌వే ఉంది. గుట్ట కింద, కొబ్బరి చెట్ల గుబుర్లో ఇళ్ళున్నాయి. పైనుంచి చూస్తే ఆకు తప్ప ఏమీ కనపడదు. అక్కడి జనం చేపలు పట్టి, చీల్చి, ఉప్పు పెట్టి, ఆ రన్‌వే మీద చాపలు పరిచి ఎండేస్తారు. ఎండిన చేప అమ్ముకుంటేనే వాళ్ళకి బియ్యం, కిరసనాయిలు, మందుబిళ్ళ.

పూర్వం ఒక పెద్ద తుఫాను తర్వాత మందులు పట్టుకుని ఒక విమానం వచ్చింది. రన్‌వే నిండా చేపలుండడంతో దిగడానికి చోటు లేక చాలాసేపు పైన తిరిగింది. ఆ తిరిగినంతసేపూ కింద ఒక పసిబిడ్డ ఊపిరి అందక కొట్టుకుంది. ఆ రోజు నుంచి అక్కడొక కట్టుబాటు పెట్టుకున్నారు. ఇంజను చప్పుడు వినపడితే చాలు, చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి చాపలు చుట్టాలి, రన్‌వే ఊడ్చాలి, చెట్ల కిందికి వెళ్ళిపోవాలి. పైన ఉన్నవాడు ఆగలేడు, కింద ఉన్నవాడే తప్పుకోవాలి. విమానం ముక్కున తిరిగే పంకా గాలికి ఇసుక లేచి చేపల్లో పడుతుంది కాబట్టి, విమానం మళ్ళీ వెళ్ళిపోయేదాకా చుట్టిన చాపలకి వీపులు అడ్డం పెట్టి, అటు తిరిగి కూర్చోవాలి. ముసలీ ముతకా, పిల్లా జెల్లా అందరూ.

అంత మర్యాద గల మనుషులు. ఆ మర్యాదే వాళ్ళ కొంప ముంచుతోంది. కాంట్రాక్టరు ఎప్పుడు విమానంలో వచ్చి కిందకి చూసినా, అద్దంలా ఊడ్చిన రన్‌వే, చుట్టూ చెట్లు, ఒక్క మనిషి లేడు. పైనుంచి తీసిన ఫోటోలన్నీ ఖాళీయే. మనుషుల్ని తీసేసి చూస్తే ప్రపంచంలో ఏ చోటైనా ఖాళీయే, ఎవడి ఇల్లైనా ఖాళీయే. కానీ ఆఫీసుల్లో ఆ ఫోటోలకి విలువుంటుంది.

పైలట్‌కి ఈ సంగతి తెలిసింది కిందటిసారి. కాంట్రాక్టరు ఇసుక ఒడ్డున హోటల్ గదులు ఎక్కడ కట్టాలో అడుగులేసుకుంటుంటే, ఇతను ఒంటేలుకని చెట్లలోకి వెళ్ళాడు. వెళ్తే ఏముంది, ఊరికి ఊరు అటు తిరిగి కూర్చుని ఉంది. ఒక పెద్దావిడ మాత్రం తల తిప్పి చూసి, ఇంకొంచెం అవతలికి పోయి కూర్చోమంది. తర్వాత కొబ్బరిబొండం కొట్టి ఇచ్చింది. చిన్నా పెద్దా అందరూ ఆవిణ్ణి అత్తా అనే పిలుస్తున్నారు. కట్టుబాటు సంగతంతా ఆవిడే చెప్పింది. పైలట్ తిరుగు ప్రయాణంలో కాంట్రాక్టరుకి చెప్తే, ఆయన కిటికీలోంచి సముద్రం చూస్తూ, "చప్పుడు చేస్తే తప్పుకుంటారన్నమాట. మంచిదే" అన్నాడు. మంచిదే అట.

విమానాలు నిలిపే షెడ్డు దగ్గరికి సర్వే అధికారి టాక్సీలో వచ్చాడు. మెడలో కెమెరా, భుజాన సంచి, జేబు నిండా పిప్పరమెంట్లు. విమానం చూడగానే ముఖం పాలిపోయింది.

"ఇంత చిన్నదా?"

"చిన్నదైనా గట్టిది సార్. ముందు సీట్లో కూర్చోండి, అన్నీ బాగా కనపడతాయి. నేను వెనకుంటా" అన్నాడు కాంట్రాక్టరు.

"ఈ డ్రైవరు అనుభవం ఉన్నవాడేనా?"

"డ్రైవరు కాదు సార్, మా తోడల్లుడు. ఇంట్లో మనిషి. గీసిన గీత దాటడు."

"తోడల్లుడా" అన్నాడు అధికారి, సీటు బెల్టుతో కుస్తీ పడుతూ. "మా తోడల్లుడి చేతిలో నేను సైకిలు కూడా పెట్టను."

కాంట్రాక్టరు గట్టిగా నవ్వాడు. పైలట్ రెక్కల కింద ఒంగి పెట్రోలులో నీళ్ళు లేవని చూసుకుని, వచ్చి కూర్చుని, మైకున్న హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకున్నాడు. నోరు తెరవలేదు.

సముద్రం మీద ఎండ కాస్తోంది. కింద నీళ్ళు ముందు బూడిద రంగు, తర్వాత నీలం, పగడపు దిబ్బలు మొదలయ్యాక లేత ఆకుపచ్చ. కాంట్రాక్టరు వెనక నుంచి చెయ్యి చాపి అధికారి భుజం మీదుగా ఒక్కొక్కటే చూపించడం మొదలుపెట్టాడు.

"అదిగో సార్, ఆ వంపు. దానికి మా ఆవిడ పేరు పెడదామనుకుంటున్నా. అటుపక్క పడవల రేవు. గుట్ట మీద మీలాంటి పెద్దవాళ్ళ కోసం ఒక గెస్ట్ హౌసు. మీకెప్పుడు కావాలంటే అప్పుడు రావచ్చు."

"ఇప్పుడక్కడ ఏమీ లేదంటారు."

"కొబ్బరి చెట్లు, పీతలు. అంతే. ఎన్నిసార్లు వచ్చానో, ఒక్క పిట్ట కూడా పలకరించదు. మొత్తం దీవి నేనే వెతికి కనిపెట్టినట్టు లెక్క."

అధికారి కెమెరా ఎత్తి సముద్రాన్ని ఒక ఫోటో తీశాడు. ఎవరి బండి ఎక్కితే వాళ్ళ మాటకి తలూపే మనిషి. చెడ్డవాడని కాదు. చెడ్డతనానికి కూడా కాస్త వెన్నెముక ఉండాలి.

"తమ్ముడూ, ఇసుక ఒడ్డు వైపు నుంచి రా. పెద్ద చప్పుడుతో రెండు చుట్లు కొట్టు. సార్ తనివితీరా చూడాలి. తర్వాత దింపు."

పైలట్ తలూపాడు. తలూపి, విమానం ముక్కు పక్కకి తిప్పాడు. ఇసుక ఒడ్డు కుడి వైపున దూరంగా జారిపోయింది.

"ఎటు పోతున్నావు?"

పైలట్ కిందకి చెయ్యి చూపించాడు. నీళ్ళ మీద నురగ గీతలన్నీ గుట్ట వైపుకి పరిగెడుతున్నాయి. గాలి ఇసుక ఒడ్డు నుంచి గుట్ట మీదికి వీస్తోంది. దిగేవాడు గాలికి ఎదురుగా దిగాలి, అంటే గుట్ట మీదుగా రావాలి. కాంట్రాక్టరుకి ఆ మాత్రం తెలుసు, కాబట్టి ఊరుకున్నాడు. ఆయనకి తెలియనిది ఇంకొకటుంది. గాలికి ఎదురొచ్చేవాడి చప్పుడు వాడి వెనక్కే పోతుంది.

గుట్టకి చాలా అవతల, బాగా ఎత్తున ఉండగానే పైలట్ నల్ల పిడి పట్టుకుని మెల్లగా వెనక్కి లాగాడు. ఇంజను గొంతు తగ్గింది. ఇంకా లాగాడు. గురక పెట్టే మనిషిని పక్కకి దొర్లించినట్టు, ఒక్కసారిగా అంతా సద్దుమణిగింది. రెక్కల మీద గాలి ఈల వేయడం వినపడింది.

అధికారి నోట్లో పిప్పరమెంటు ఆగిపోయింది. "ఆగిపోయిందా?"

"ఏంట్రా ఇది? ఎందుకాపావు?" కాంట్రాక్టరు ముందుకి ఒంగాడు. "ఒరేయ్, నిన్నే. ఇంజను ఎందుకు ఆపావు?"

ఇంజను ఆగలేదు. పంకా మెల్లగా తిరుగుతూనే ఉంది. ఆ మాట చెప్పాలంటే నోరు తెరవాలి. పైలట్ ఒట్టు మీదున్నాడు. విమానం గాల్లో జారుతూ గుట్ట వైపు వెళ్తోంది. గుట్ట మీద చెట్లు పెద్దవయ్యాయి, ఆకులు కనపడ్డాయి, ఒక కొమ్మ మీద కూర్చున్న తెల్లకొంగ కనపడింది. అది కూడా లేవలేదు, దానికీ వినపడలేదు. అధికారి రెండు చేతులతో సీటు పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పైలట్ మోచేత్తో ఆయన్ని పొడిచాడు. కళ్ళు తెరవమని.

గుట్ట దాటింది.

రన్‌వే ఈ చివర నుంచి ఆ చివర దాకా చేపలు. చాపల మీద వెండి రంగులో, వరసలు వరసలుగా, నడవడానికి సందు కూడా లేకుండా. చేపల మధ్య ఒంగి తిరగేస్తున్న ఆడవాళ్ళు. కాకుల్ని తోలడానికి గుడ్డ కట్టిన కర్రలు పట్టుకున్న పిల్లలు. ఒక పక్క వల బాగుచేస్తున్న మగవాళ్ళు. సరిగ్గా నడిమధ్యలో, కుక్కి మంచం మీద, ముఖాన తువ్వాలు వేసుకుని పడుకున్న ముసలాయన. ఒక తల్లి బిడ్డకి నెత్తి మీద నుంచి నీళ్ళు పోస్తోంది. ఊరు. పని చేసుకుంటున్న, తిట్టుకుంటున్న, నిద్రపోతున్న మామూలు ఊరు.

అందరూ ఒకేసారి తలెత్తారు.

పైలట్ పిడి ముందుకి తోశాడు. ఇంజను గర్జించింది. విమానం వాళ్ళ నెత్తుల మీదుగా, మంచం మీద ముసలాయన తువ్వాలు ఎగిరిపోయేంత కిందనుంచి దూసుకుపోయి, ఇసుక ఒడ్డు దగ్గర పైకి లేచింది.

"మనుషులున్నారే" అన్నాడు అధికారి.

"జాలర్లు సార్" కాంట్రాక్టరు గొంతు వెంటనే మెత్తబడింది. "ఎక్కడెక్కడి నుంచో సీజన్లో వస్తారు. పొద్దున వస్తారు, సాయంత్రానికి పోతారు. ఇల్లూ వాకిలీ ఏమీ ఉండవు."

"అదీ నిజమే అయ్యుండొచ్చు" అన్నాడు అధికారి. ఆ మాట అనడానికి ఎంత తొందరపడ్డాడో.

"సార్ ముందు కాబట్టి ఊరుకుంటున్నా" అన్నాడు కాంట్రాక్టరు పైలట్ చెవి దగ్గరగా. "దించు."

విమానం ఒక చుట్టు తిరిగి గుట్ట దాటి వచ్చేసరికి రన్‌వే మీద మనిషి లేడు, మంచం లేదు. ఇన్నేళ్ళ అలవాటు, ఒళ్ళు దానంతటదే పనిచేసింది. కానీ ఈసారి చప్పుడు ముందుగా వినపడలేదు. సగం చాపలే చుట్టగలిగారు. మిగతావాటిని పక్కలకి లాగేసి పారిపోయారు. లాగినప్పుడు జారిపడ్డ చేపలు దారంతా ఉన్నాయి. చక్రాలు వాటిని చితక్కొడుతూ, జారుతూ పోయి, చివర్లో మళ్ళీ గుట్ట వైపు తిరిగి ఆగాయి. పంకా గాలికి లేచిన ఇసుక పక్కలనున్న చాపల మీద పొడిలా కురిసింది.

కాంట్రాక్టరు ముందు దిగాడు. చుట్టూ చూశాడు. చెట్లు, ఎండ, నిశ్శబ్దం.

"చూశారా సార్. అప్పుడే పోయారు. ఇక్కడివాళ్ళైతే పోతారా?"

అధికారి దిగి, కెమెరా ఎత్తి, రన్‌వేలో శుభ్రంగా ఉన్న ముక్కని చూసుకుని ఒక ఫోటో తీశాడు.

అప్పుడు చెట్లలోంచి అత్త బయటికొచ్చింది. విమానం వెళ్ళకముందే ఆవిడ ఇలా బయటికి రావడం ఇదే మొదలు. చేతిలో చితికిన చేప. వెనక ఒక్కొక్కరే అందరూ వచ్చారు. ఆవిడ సూటిగా పైలట్ దగ్గరికి వచ్చి, ఆ చేపని అతని ఇస్త్రీ చొక్కాకేసి కొట్టింది.

"నువ్వా. నా చేతి కొబ్బరినీళ్ళు తాగిపోయినవాడివి. విమానంలో వచ్చేవాడికి చప్పుడు చెయ్యాలని తెలీదా? దొంగలా నక్కి వస్తావా? పిల్లలున్నారక్కడ. మా మామ మంచం మీదున్నాడు. దాని మీదే గుండె ఆగి చచ్చుంటే నువ్వు మోసేవాడివా?"

చేప పైలట్ చొక్కా మీదుగా జారి బూటు మీద పడింది. ఆవిడ అన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. నోరు తెరిచే వీలున్నా అతను చెప్పగలిగింది ఏమీ లేదు.

"ఏమ్మా, ఎందుకంత గొంతు" అన్నాడు కాంట్రాక్టరు. "సాయంత్రానికి పోయే మీకు ఇక్కడ ఇంత హక్కేంటి?"

"ఎవరు పోయేది?"

"మీరే. సీజనుకొచ్చి పోతారు కదా."

అత్త ఆయన్ని పైనుంచి కిందకి చూసింది. "మా ఆయన్ని అదిగో ఆ చెట్టు కింద పాతిపెట్టాం. రా, చూపిస్తా. ఆయన కూడా సాయంత్రానికి పోతాడేమో నువ్వే అడుగు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అత్త నవ్వలేదు. తిరిగి తనవాళ్ళ వైపు చూసి చెయ్యి ఊపింది. ఆడవాళ్ళు ఇసుక పడ్డ చేపల్ని బుట్టల్లోకి ఎత్తి, సముద్రంలో కడిగి, నీళ్ళు కారుతుండగానే తెచ్చి మళ్ళీ పరచడం మొదలుపెట్టారు. ఎక్కడ పరుస్తారు? ఉన్న చదును ఒక్కటే. విమానం ముక్కు ముందు నుంచి గుట్ట దాకా చాప మీద చాప పడింది.

అధికారి టైము చూసుకున్నాడు. "మనం వెళ్దామండీ. నాకు సాయంత్రం మీటింగుంది."

"తమ్ముడూ, తీయమని చెప్పు వాళ్ళకి" అన్నాడు కాంట్రాక్టరు.

పైలట్ పెదాల మీద వేలు పెట్టుకుని చూపించాడు.

"ఏంటి వేషాలు? చెప్పరా."

పైలట్ తల అడ్డంగా ఊపి, చక్రం పక్కన నీడలో కూర్చుని, చొక్కాకి అంటిన పొలుసులు గిల్లుకోవడం మొదలుపెట్టాడు. ఒట్టు పెట్టించుకున్నది పెద్దాయన. విప్పాల్సింది కూడా ఆయనే. ఆ మాట అధికారి ముందు ఎలా అంటాడు? మా తమ్ముడితో నోరు తెరవనని ఒట్టేయించుకున్నా సార్ అంటాడా? కాంట్రాక్టరు ముఖం ఎర్రబడింది. అత్త వైపు తిరిగాడు.

"ఇవన్నీ తీయండి. విమానం పోవాలి."

"తడి చేప చుట్టం. చుడితే ఉక్కకి పురుగు పడుతుంది. ఎండాక తీస్తాం."

"ఎప్పుడు ఎండుతాయి?"

"ఎండ కాస్తే రేపు. మబ్బేస్తే ఎల్లుండి. నీకేం తొందర? ఇది నీ సొంత దీవిలా మాట్లాడుతున్నావుగా, ఉండు. ఎన్నిసార్లు వచ్చావు, ఒక్కసారైనా మా గడప తొక్కావా?"

ఈ మాటకి అధికారి బెదిరిపోయాడు. పిప్పరమెంట్ల జేబు పట్టుకుని ముందుకొచ్చాడు. "అమ్మా, నాకూ ఈయనకీ ఏ సంబంధమూ లేదు. ఇక్కడ ఎవరైనా ఉన్నారో లేదో చూసి రాయమని ఆఫీసువాళ్ళు పంపితే వచ్చాను. చూశాను. పోతాను. నన్ను పోనివ్వండి."

చేపలు పరుస్తున్న చేతులు ఆగాయి.

"ఏమని రాస్తావు?" అంది అత్త.

అధికారి కాంట్రాక్టరు వైపు చూశాడు. కాంట్రాక్టరు సముద్రం వైపు చూశాడు.

"ఎవరూ లేరని రాయడానికొచ్చావా?"

ఆవిడ ఇంకో అడుగు ముందుకేసి కెమెరా పట్టుకుంది, ఆయన మెడతో సహా. "ఇందులో ఏం తీశావు? చూపించు."

అధికారి చూపించాడు. సముద్రం. గుట్ట మీద చెట్లు. చివరిది, ఒక్క చేప కూడా లేని రన్‌వే ముక్క, ఎండలో మెరుస్తూ.

అత్త ఆ చిన్న తెర మీదికి వంగి చాలాసేపు చూసింది. "ఎంత శుభ్రంగా ఉందో చూడు" అంది. "పొద్దున ఊడ్చింది నేనే."

తర్వాత ఒక్క కేక పెట్టింది. చెట్ల కింద మిగిలినవాళ్ళు కూడా వచ్చారు. ముసలాయన్ని మంచంతో సహా మోసుకొచ్చి రన్‌వే మధ్యలో దించారు. నీళ్ళు పోసుకుంటున్న బిడ్డ ఒంటి మీద బట్ట లేకుండానే వచ్చింది. అత్త అందర్నీ చేపల మధ్య నిలబెట్టింది, వెనక ఇళ్ళ కప్పులు కనపడేలా చెట్ల కొమ్మలు పక్కకి లాగి పట్టుకోమని మగవాళ్ళకి చెప్పింది. వచ్చి తనూ మధ్యలో నిలబడింది. నవ్వమని ఎవరూ అనలేదు, ఎవరూ నవ్వలేదు.

"ఇప్పుడు తియ్యి. తీశావంటే ఈ చేపలు పోతే పోయాయి, తడివే చుట్టేస్తాం, దారిస్తాం. తియ్యకపోతే మాతోపాటే నువ్వూ ఇక్కడుంటావు. అప్పుడైనా ఇక్కడ ఒకడున్నాడని రాసుకుంటారు."

"తీయకండి సార్" అన్నాడు కాంట్రాక్టరు. "బెదిరిస్తే లొంగిపోతారా? మన మాటేమిటి?"

అధికారి కాంట్రాక్టరుని చూశాడు, చేపల్ని చూశాడు, టైము చూసుకున్నాడు. ఆయనకి న్యాయం గుర్తొచ్చిందని చెప్తే అది అబద్ధం. ఆయనకి ఇల్లు గుర్తొచ్చింది. కెమెరా ఎత్తి తీశాడు. ఇంకొకటి తీయమని అత్త అంటే ఇంకొకటి తీశాడు.

అప్పుడు వాళ్ళు మాట తప్పకుండా వంగి, నీళ్ళు కారుతున్న చేపల్ని చాపలతో సహా చుట్టారు. నాలుగు ఇళ్ళకి తిండి అది. ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. అత్త చీపురు తీసుకుని విమానం ముందు నుంచి గుట్ట దాకా ఊడ్చింది, పైలట్ వైపు ఒక్కసారి కూడా చూడకుండా.

విమానం లేచాక పైలట్ కిందకి చూశాడు. ఈసారి ఎవరూ చెట్ల కిందికి పోలేదు. రన్‌వే అంచుల్లో అటూ ఇటూ, ఇసుకలో కళ్ళు చిట్లించుకుని నిలబడి ఉన్నారు.

దీవి వెనకబడి, నీళ్ళు మళ్ళీ నీలంగా మారాక, కాంట్రాక్టరు అధికారి భుజం మీద చెయ్యేశాడు.

"సార్, జరిగిందేదో జరిగింది. ఆ చివరి రెండు ఫోటోలు తీసేయండి. మిగతావి సరిపోతాయి. ఆ గెస్ట్ హౌసు మాట నేను మర్చిపోలేదు."

"అదే ఆలోచిస్తున్నా" అన్నాడు అధికారి. కెమెరా ఒళ్ళో పెట్టుకున్నాడు. బొటనవేలు ఒక మీట మీదికి వెళ్ళింది. తెర మీద అత్త, చేపల మధ్య, కనుబొమలు ముడేసుకుని. "నిజానికి వాళ్ళు నన్ను బలవంతం చేశారు కదా. బలవంతాన తీసింది చెల్లదేమో."

"చెల్లనే చెల్లదు సార్."

పైలట్ నల్ల పిడి మీద చెయ్యి వేసి కాస్త వెనక్కి లాగాడు. ఇంజను గొంతు తగ్గింది. అధికారి ఉలిక్కిపడి ముందుకి చూశాడు. కింద సముద్రం తప్ప ఏమీ లేదు.

పొద్దున్నించీ మూసుకున్న నోరు పైలట్ అప్పుడు తెరిచాడు.

"ఇందాక గుట్ట మీద ఎలా వచ్చామో గుర్తుందా సార్? మళ్ళీ అలా వెళ్దామా?"

"వద్దు" అన్నాడు అధికారి.

"అయితే అది సంచిలో పెట్టుకోండి. పెట్టి, సంచి మీద కూర్చోండి."

అధికారి కెమెరా సంచిలో పెట్టి, జిప్పు లాగి, దాని మీద కూర్చున్నాడు. తల పైకప్పుకి తగిలింది. అయినా కదల్లేదు. పైలట్ పిడి ముందుకి తోశాడు. ఇంజను మళ్ళీ మామూలుగా మోగింది.

తీరం గీతలా కనపడ్డాక కాంట్రాక్టరు మైకు నోటికి దగ్గరగా లాక్కున్నాడు.

"ఒట్టు తప్పావు. గదులు ఖాళీ చెయ్. తాళాలు పడేసి పో. కిందకి దిగాక నీ సంగతి చెప్తా."

"చెప్పండి అన్నయ్యా" అన్నాడు పైలట్, రన్‌వే వైపు ముక్కు తిప్పుతూ. "దించాల్సింది నేనే కదా. అప్పటిదాకా కాస్త నోరు మూసుకోండి."